గడువు లేని బెంగ

స్వస్థలం విడిచి వెళ్లిన మనిషిని పీడించే ఇంటి బెంగ దూరం వల్ల పుడుతుందని, కాలం గడిచేకొద్దీ అదే తగ్గిపోతుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఇందులో మొదటి సగం ఎంత బలహీనమో చెప్పడానికి, ఆ బెంగను వైద్యశాస్త్ర విషయంగా స్వీకరించిన తొలి గ్రంథమే సరిపోతుంది. 1688లో బాసెల్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో యోహానెస్ హోఫర్ అనే యువ వైద్యుడు ఇంటి బెంగను ఒక వ్యాధిగానే లెక్కగట్టి, బెర్న్ నుంచి బాసెల్‌కు చదువుకోవడానికి వచ్చి మంచం పట్టిన ఒక విద్యార్థి, ఇంటికి ప్రయాణం కట్టించగానే దారిలోనే కోలుకున్న ఉదంతాన్ని నమోదు చేశాడు. ఆ రెండు ఊళ్ల నడుమ దూరం విజయవాడ నుంచి రాజమహేంద్రవరం వెళ్లినంత కూడా లేదు.

నమ్మకంలోని రెండో సగానికి ఇరవయ్యో శతాబ్దపు సామాజిక శాస్త్రం కొంత ఆధారం సమకూర్చింది. ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనంతో అమెరికా వెళ్లిన నార్వే దేశస్థులను పరిశీలించి స్వెర్రె లిస్‌గార్డ్ 1955లో ప్రకటించిన వ్యాసం ప్రకారం, 6 నెలల లోపు ఉన్నవారూ 18 నెలలు దాటినవారూ అక్కడి జీవితంతో బాగానే సర్దుకోగా, మధ్యకాలంలో ఉన్నవారే ఎక్కువ ఒంటరితనానికీ అసంతృప్తికీ లోనయ్యారు. మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, ఆపైన కోలుకోవడం అనే ఈ క్రమాన్ని గీతగా గీస్తే ఆంగ్లాక్షరం 'యు'లా కనిపిస్తుంది కనుక దానికి యు-రేఖ అనే పేరు స్థిరపడింది. వలస వెళ్లినవారికి పెద్దలు చెప్పే 'ఏడాది ఓపిక పడితే అదే అలవాటవుతుంది' అన్న ఓదార్పు కూడా ఈ రేఖనే అనుసరిస్తుంది. అయితే లిస్‌గార్డ్ పరిశీలించినవారందరూ తిరుగు ప్రయాణం ఖాయమైనవారు. ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళతారో తెలిసినవారు. ఉండడమో వెళ్లడమో ఏళ్ల తరబడి తేలని మనిషి విషయంలో ఆ రేఖ కిందికి దిగుతుంది గాని పైకి లేవదు. అమెరికాలోని తెలుగు ఉద్యోగుల అసంతృప్తిని ఈ కోణం నుంచి చూస్తే, అది మనోదౌర్బల్యంగా గాక, చాలావరకు చట్టం పుట్టించిన స్థితిగా కనిపిస్తుంది.

ఆ చట్టం పనితీరును కొంచెం వివరంగా తెలుసుకోవాలి. 1990 నాటి ఇమిగ్రేషన్ చట్టంతో నేటి రూపం పొందిన హెచ్-1బి వీసా, అంటే యజమాని అభ్యర్థన మీద నిపుణ ఉద్యోగికి ఇచ్చే తాత్కాలిక అనుమతి, మొదట 3 ఏళ్లకూ పొడిగింపుతో మొత్తం 6 ఏళ్లకూ వర్తిస్తుంది. శాశ్వత నివాసానికి వీలిచ్చే గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసిన దరఖాస్తు ముందుకు సాగుతున్నట్లయితే, 2000 సంవత్సరపు సవరణ ప్రకారం ఆ 6 ఏళ్ల తర్వాత కూడా పొడిగింపులు దొరుకుతాయి. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డులు కుటుంబ సభ్యులతో కలుపుకొని ఏడాదికి సుమారు 1,40,000 కాగా, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా అందులో స్థూలంగా 7 శాతమే వాటా. ఐస్‌లాండ్‌కు ఎంత పరిమితో భారతదేశానికీ అంతే పరిమితి. ఫలితంగా ఏర్పడిన వరుసలో ఎవరి స్థానమైనా 'ప్రయారిటీ డేట్' మీద, అంటే ఆ ప్రక్రియలో యజమాని తొలి పత్రం దాఖలు చేసిన తేదీ మీద ఆధారపడి ఉంటుంది. ఉన్నత విద్యార్హతలు గలవారికి ఉద్దేశించిన ఈబీ-2 వర్గంలో 2025 చివరికి కూడా భారతీయుల వంతు 2013 నాటి తేదీల దగ్గరే ఉంది. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వెలువరించే వీసా బులెటిన్‌ను తెలుగు ఇళ్లలో పంచాంగం కన్నా శ్రద్ధగా చదువుతారనడం అతిశయోక్తి కాదు. డేటు కదిలిందా, ఎవరిది 'కరెంట్' అయింది, అంటే ఎవరి వంతు వచ్చింది, మళ్లీ వెనక్కి పోయిందా అన్న ప్రశ్నలు భోజనాల దగ్గర కూడా వినిపిస్తాయి. ఇలాంటివారిని త్రిశంకుడితో పోల్చడం తెలుగు రచనకు పాత అలవాటే గాని, విశ్వామిత్రుడి పుణ్యమా అని త్రిశంకుడికి కనీసం ఒక స్థిరమైన చోటు దొరికింది.

ఈ అనిశ్చితి బెంగను రెండు విధాలుగా పెంచుతుంది. మొదటిది, ఇంటికి వెళ్లి రావడమనే సహజమైన ఉపశమనాన్నే అది ప్రమాదకరం చేస్తుంది. అమెరికాలో ఉండగానే హెచ్-1బి గడువు పొడిగించుకున్న ఉద్యోగికి అక్కడ పనిచేసే హక్కు ఉన్నా, పాస్‌పోర్టులోని వీసా ముద్ర కాలం చెల్లిపోయి ఉంటే, దేశం దాటిన తర్వాత తిరిగి అడుగు పెట్టడానికి కాన్సులేట్‌లో మళ్లీ ముద్ర వేయించుకోవాలి. దీన్నే అందరూ 'స్టాంపింగ్' అంటారు. చెల్లెలి పెళ్లికి ముహూర్తం పెట్టేటప్పుడు పురోహితుడి కన్నా ముందు స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ తేదీని సంప్రదించే కుటుంబాలు తక్కువేమీ కాదు. హైదరాబాద్ శివారు చిలుకూరులో వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక మొక్కు తీర్చడానికి 108 ప్రదక్షిణలు చేసేవారిలో తొలిసారి వెళ్లేవారితో పాటు, సెలవు మీద వచ్చి తిరుగు ముద్ర కోసం ఎదురుచూసేవారూ ఉంటారు. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం నాడు కొత్త హెచ్-1బి దరఖాస్తులపై 1,00,000 డాలర్ల రుసుము విధిస్తూ అమెరికా అధ్యక్షుడు ప్రకటన జారీ చేసినప్పుడు, అది ఎవరికి వర్తిస్తుందో తేలకపోవడంతో, విదేశాల్లో ఉన్న ఉద్యోగులు వెంటనే తిరిగి రావాలని పెద్ద కంపెనీలు హెచ్చరించాయి. ఇప్పటికే వీసా ఉన్నవారికి అది వర్తించదన్న వివరణ మర్నాడు వెలువడే లోపు ఎందరో ప్రయాణాలు రద్దు చేసుకున్నారు. ఆ ఆదివారమే ఎంగిలిపూల బతుకమ్మ. అదే ఏడాది డిసెంబరులో హెచ్-1బి, వారి కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసాల దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాల పరిశీలన మొదలైనప్పుడు భారతదేశంలోని కాన్సులేట్లలో అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వాయిదా పడి, కొద్ది రోజుల సెలవు మీద వచ్చినవారు ఇక్కడే చిక్కుకుపోయారు.

సంతోషానికి రాలేకపోవడం ఒక ఎత్తు, చావుకు రాలేకపోవడం మరొక ఎత్తు. అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే, పందిరి వేయించడానికి ముందే అద్దెకు ఫ్రీజర్ బాక్స్ తెప్పించడం కోస్తా పల్లెల్లోనూ తెలంగాణ పట్టణాల్లోనూ ఇప్పుడు మామూలైపోయింది. గాజు పలక కింద తండ్రి ముఖం, తలవైపు దీపం, ఆ పక్కన కరెంటు పోతే పనికొచ్చేందుకు తెచ్చి పెట్టిన జనరేటరు, వచ్చిన ప్రతివారూ 'విమానం ఎక్కాడా' అని అడిగే ప్రశ్న. అవతల డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆ కొడుకు టికెట్ ధర చూడడం లేదు, బయలుదేరితే తిరిగి వెళ్లగలడా, అక్కడ పుట్టిన పిల్లల బడి, కట్టవలసిన ఇంటి అప్పు ఏమవుతాయని లాయరును అడుగుతున్నాడు. చివరికి తమ్ముడో అల్లుడో తలకొరివి పెట్టగా, పెద్దకొడుకు ఫోను తెర మీద దాన్ని చూసి, పెద్దకర్మకు కూడా రాలేకపోయిన సందర్భాలు ఉన్నాయి. ఈ దుఃఖాన్ని యు-రేఖ మీద గుర్తించడానికి చోటు లేదు.

రెండో విధం ఇంతకన్నా నెమ్మదిగా పనిచేస్తుంది. ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి మాత్రమే ఇస్తుంది కనుక, అయిష్టమైన పనిని, ఎదుగుదల లేని హోదాను వదులుకునే ధైర్యం చాలామందికి ఉండదు. హెచ్-4, అంటే జీవిత భాగస్వామికీ పిల్లలకూ ఇచ్చే ఆశ్రిత వీసా మీద వెళ్లిన ఇంజినీరింగ్ పట్టభద్రురాలు, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటేదాకా జీతానికి పనిచేయకూడదు; ఆ దశ దాటినవారికైనా పని అనుమతి లభించింది 2015 నుంచే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, స్కూటీ నడిపి, తన జీతంతో తల్లిదండ్రులకు ఫ్రిజ్ కొనిపెట్టిన అమ్మాయి, కారు లేనిదే కొత్తిమీర కూడా దొరకని శివారు కాలనీలో, తాలింపు వేస్తే మోగే పొగ అలారం కింద తువ్వాలు ఊపుతూ నిలబడినప్పుడు ఆమెకు కలిగేది ఒక్క ఇంటి బెంగ మాత్రమే కాదు, తన పూర్వ వ్యక్తిత్వం మీద బెంగ కూడా. ప్రసవ సమయంలో సందర్శక వీసా మీద వచ్చి, సాధారణంగా 6 నెలలు ఉండే తల్లిదండ్రుల విసుగు దీనికి తోడవుతుంది. వీధిలో పలకరించే మనిషి కనిపించని చోట వారు రోజులు లెక్కపెట్టుకుంటూ, తామే భారమయ్యామేమోనని మథనపడతారు. ఇక హైదరాబాద్‌లో పుట్టి పసితనంలోనే అమెరికా చేరిన పిల్లలు, తల్లిదండ్రుల వంతు వచ్చేలోగా 21 ఏళ్లు నిండితే ఆశ్రిత హోదా కోల్పోయి, తాము పెరిగిన దేశంలోనే విదేశీ విద్యార్థులుగా మారవలసి వస్తుంది. ఆ ఇంట్లోనే తర్వాత పుట్టిన తమ్ముడు పుట్టుకతోనే అమెరికా పౌరుడు.

గల్ఫ్ వలసతో పోలిస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వెళ్లే కార్మికులూ, రాయచోటి వైపు నుంచి, కోనసీమ నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే స్త్రీలూ అనుభవించే కష్టం ముందు డాలర్ ఉద్యోగి అసంతృప్తి నిలబడదు. ఆ రెండింటినీ ఒకే త్రాసులో వేయడం అన్యాయం. కార్మికుడి ప్రవేశాన్నీ నివాసాన్నీ ఒక్క యజమాని చేతిలో పెట్టే కఫాలా పద్ధతి అక్కడి కష్టాలకు మూలం. కానీ గల్ఫ్‌లో స్థిరపడే ఆశ మొదటి నుంచీ లేదు కనుక, ఎంత కఠినమైన చోటైనా అక్కడి బెంగకు ఒక తేదీ ఉంటుంది: రెండేళ్ల కాంట్రాక్టు, సెలవు, అప్పు తీరేదాకా ఇంకో విడత, ఆపైన ఇల్లు. ఆ తేదీ చేజారిపోయేది యజమాని దగ్గర నుంచి బయటపడి, అకామా, అంటే నివాస పత్రం లేకుండా బతికేటప్పుడే. తోటి కార్మికులు 'ఖల్లివల్లి' అని పిలిచే ఆ స్థితిలో ఉన్నవారు, యుఏఈ 2018లోనూ 2024లోనూ ప్రకటించిన ఆమ్నెస్టీ వంటి క్షమాభిక్ష కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. సంపాదనలో, సౌకర్యంలో, చదువులో ఏ పోలికా లేని ఖల్లివల్లి కార్మికుడూ హెచ్-1బి ఇంజినీరూ ఈ ఒక్కచోట మాత్రం కలుస్తారు.

ఇంత అసంతృప్తి ఉన్నప్పుడు అది బయటికి ఎందుకు రాదన్న ప్రశ్నకు సమాధానం అమెరికాలో కన్నా ఇక్కడే ఎక్కువ దొరుకుతుంది. వలస వెళ్లినవాడి విజయం అతని ఒక్కడిది కాదు. పొలం తనఖా పెట్టిన తండ్రిది, చదువు అప్పుకు హామీ సంతకం చేసిన మేనమామది, సంబంధాలు వెతికేటప్పుడు ఆ విజయాన్ని చెప్పుకునే అక్కచెల్లెళ్లది కూడా. వీడియో కాల్‌లో 'అంతా బాగేనా నాన్నా' అని అడిగినప్పుడు 'బాగుందమ్మా' తప్ప మరో జవాబు చెప్పే వీలు అతనికి లేదు. చెప్పినా 'డాలర్లు లెక్కపెట్టుకుంటూ ఏడుపేమిటి' అన్న మాట ఎదురవుతుంది. అందులోని ఈసడింపు సంగతి అటుంచి, డబ్బున్నవాడికి బెంగ పడే హక్కు లేదన్న ఊహ మాత్రం తప్పు.

తెలుగువారు అమెరికాలో తమకోసం నిర్మించుకున్న సంస్థలు ఈ బెంగలో ఒక భాగాన్నే తీర్చగలిగాయి. తిరుమల తిరుపతి దేవస్థానాల సహకారంతో 1976లో పిట్స్‌బర్గ్ శివారున వెలసిన వేంకటేశ్వరాలయం, 1977లో మొదలైన తెలుగు సంఘం తానా మహాసభలు, 2007లో సిలికానాంధ్ర ప్రారంభించిన మనబడి తరగతులు భాషకూ భక్తికీ బంధుత్వానికీ చోటు చూపించాయి; ఆ మేలు కొట్టిపారేయదగింది కాదు. కానీ వాటిని నెలకొల్పిన తరం చాలావరకు 1965 నాటి చట్టం తలుపులు తెరిచిన తర్వాత వెళ్లి, త్వరగానే గ్రీన్‌కార్డులు పొందిన వైద్యులూ ఇంజినీర్లూ. వారి బెంగ స్థిరపడినవారి బెంగ, గోంగూరతో, కూచిపూడితో, సినీతారల సందడితో తీరే బెంగ. ఇప్పటి తరానికి కావలసింది అర్ధరాత్రి ఫోను ఎత్తే లాయరు, ఉద్యోగం పోయిన 60 రోజులు ఆదుకునే నిధి, ఒంటరి హెచ్-4 గృహిణితో తెలుగులో మాట్లాడగల మానసిక వైద్యురాలు. కష్టంలో ఉన్నవారికి సాయం చేసే విభాగాలు సంఘాల్లో ఉన్నప్పటికీ, మహాసభల వేదికల అలంకరణ ముందు అవి వెలవెలబోతాయి.

తిరిగి వచ్చేయడమే ఈ బెంగకు మందని హోఫర్ నమ్మాడు, కానీ ఆ మందు తీసుకోవడం అంత తేలిక కాదు. బ్రిటన్‌లోని రాచ్‌డేల్‌లో స్థిరపడిన పాకిస్తానీయుల మీద 1979లో వెలువరించిన గ్రంథంలో ముహమ్మద్ అన్వర్, వెళ్లిపోతామని ఏటా అనుకుంటూ ఎన్నటికీ వెళ్లని ఈ స్థితిని తిరుగు ప్రయాణపు భ్రమగా వర్ణించాడు. ఫ్రాన్స్‌కు వలస వెళ్లిన అల్జీరియన్లను జీవితకాలం అధ్యయనం చేసిన అబ్దెల్‌మాలెక్ సయాద్ మరో అడుగు ముందుకు వేసి, వలసజీవి వదిలి వచ్చిన చోటా లేడు, చేరిన చోటా పూర్తిగా లేడని, అది రెండు వైపులా గైర్హాజరీ అని వాదించాడు. తెలుగులో రెంటికీ చెడ్డ రేవడి అని తేల్చేసే స్థితికి ఆయన సిద్ధాంత గౌరవం కల్పించాడనుకోవచ్చు. కోకాపేటలోనో నల్లగండ్లలోనో గేటెడ్ కాలనీల్లో ఇల్లు కొనుక్కుని తిరిగి వచ్చినవారి అనుభవం కూడా ఈ వాదనను కొంత బలపరుస్తుంది: వారు బెంగపడిన ఊరు ఆ పదిహేనేళ్లలో మారిపోయింది, మిత్రులు చెదిరిపోయారు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఇప్పుడు అమెరికా గుర్తుకొస్తుంది.

ఈ స్థితి చట్టం ద్వారా మారే సూచనలు తక్కువ. దేశాలవారీ పరిమితిని తొలగించే బిల్లును అమెరికా ప్రతినిధుల సభ 2019 జులైలో 365-65 ఓట్లతో ఆమోదించినా అది చట్టం కాలేదు. అందుకే కొన్ని కుటుంబాలు బులెటిన్ మీద ఆశ పెట్టుకోవడం మాని, గడువును తామే పెట్టుకుంటున్నాయి. ఆ గడువు ఎక్కువగా పెద్దబిడ్డ ఆరో తరగతి. అది దాటితే ఇక్కడి బడిలో తెలుగో హిందీయో రెండో భాషగా మొదలుపెట్టి పదో తరగతి పరీక్ష నాటికి అందుకోవడం కష్టమని, ఆపైన ఈఏపీసెట్, జేఈఈ పోటీకి పిల్లలు నిలవలేరని వారి లెక్క. ఆ లెక్క ప్రకారం మే నెలలో కంటైనర్‌లో సామాను పంపించి, జూన్‌లో బడులు తెరిచే నాటికి హైదరాబాద్‌లో దిగుతారు. గ్రీన్‌కార్డు వరుసలో వారి స్థానం అలాగే ఉంటుంది. యజమాని అభ్యర్థన ఆమోదం పొంది రద్దు కాకుండా ఉంటే, ఆ ప్రయారిటీ డేట్‌ను మరో యజమాని ద్వారా తర్వాత ఎప్పుడైనా వాడుకునే వీలుంది. వచ్చేసినవారిలో కొందరు ఇప్పటికీ నెలనెలా బులెటిన్ తెరిచి చూస్తూనే ఉన్నారు.