ఇంటి మరమ్మతులు: కారులోని గాలిపంకా



గత మాసమున మిక్సీని గూర్చి వ్రాసితిని. ఈ మాసమున కారులోని గాలిపంకాను గూర్చి వ్రాయుటకు మా యింట జరిగిన సంగతియే కారణము. మెకానిక్కులు దీనిని బ్లోయరందురు. హైదరాబాదులో హీటరుతో పనియేమని కొందరు నవ్వుదురు. మనకు వేడిగాలి యక్కరపడు దినములు స్వల్పమే. కాని వానకాలమున మన యూపిరిలోని తేమ చల్లబడిన ముందరి యద్దముపై లోపలివైపున పొగవలె పట్టును. దానిని పోగొట్టునది ఈ పంకాయే.

మాది పదునాఱేండ్ల నాటి చిన్నకారు. నాచారములో మా యింటి ముందరి వేపచెట్టు క్రింద నిలుపుదుము. మొన్నటి మాఘమున పంకా మొదటి మూడు వేగములును ఆగిపోయి, నాలుగవది మాత్రమే మిగిలెను. ఒక పనివాడు చూచి, "డైరెక్టు చేసిన అమ్మా, ఇగ ఫికర్ లేదు" అని పంపివేసెను. నాలుగు వేగములును మరల వచ్చినవి. పని చౌకగా తీరినదని నేనును సంతసించితిని.

శ్రావణమున నొక సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని కారు నడుపుకొనుచు ఇంటికి వచ్చుచుంటిని. కుండపోత వాన. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో వంతెన క్రిందికి వచ్చుసరికి ప్లాస్టిక్కు కాలిన వాసన వేసి పంకా ఆగిపోయెను. రెండు నిమిషములలో అద్దమంతయు తెల్లబడినది. ఎదుటి బస్సు ఎఱ్ఱదీపములు తప్ప మఱేమియు కానరాలేదు. కిటికీలు దింపి, చెఱగుతో అద్దము తుడుచుకొనుచు, ఎట్లో ప్రక్కకు తీసి నిలిపితిని. చిన్నది ఇల్లు చేరువఱకు ఏడ్పు మానలేదు.

మఱునాడు ఉప్పల్‌లో నొక పెద్దవయసు ఎలక్ట్రీషియను ఎడమవైపు సొరుగు నూడదీసి, పంకాలోనుండి రెండు గుప్పిళ్ల వేపాకు బయటకు లాగెను. అప్పుడు సంగతి బోధపడినది. పాతకార్లలో పెక్కింట పంకా వేగము తగ్గించునది రెసిస్టరను తీగచుట్ట. తక్కువ వేగములలో విద్యుత్తు దానిగుండ పోవును. అన్నిటికన్న హెచ్చువేగమున సూటిగా మోటారునకు పోవును. కావున హెచ్చువేగ మొక్కటియే మిగిలినచో మోటారు మంచిదే, రెసిస్టరు చెడియుండునని తలంపవచ్చును. ఈ తీగ మిక్కిలి వేడెక్కును గనుక పంకాగాలి తగులుచోటనే దాని నమర్తురు. ఆకులడ్డుపడి గాలి తగ్గెను, తీగ కాగెను, కాగినప్పుడు తెగిపోవుటకే యుంచిన ఫ్యూజు తెగెను. మొదటి పనివాడు ఆ తెగినచోట తీగముక్క కలిపివేసెను. ఇక వేడి నాపునది లేక ప్లగ్గు కరగిపోయినది. మంట లేవకపోవుట మా యదృష్టము.

రెసిస్టరును ప్లగ్గును మార్చి, పంకా శుభ్రముచేయగా సరిపోయినది. మోటారు పాతదే. ఎవరైన "డైరెక్టు" అన్నచో ఒప్పుకొనకుడు. ఫ్యూజు మార్చునప్పుడును అంతే ఆంపియర్లది వేయింపవలెను.

అద్దమునకు లోపల పొగ పట్టినప్పుడు గాలిని అద్దమువైపునకు త్రిప్పి, బయటిగాలి లోనికి రానిచ్చి, వేడి పెంచుడు. ఏ.సి. యున్నచో అదియు వేయుడు, తేమను పీల్చును. పొగ బయటివైపున నున్నచో ఏ.సి. చల్లదనము హెచ్చినదన్నమాట. దానికి వైపరు చాలును. కాళ్లదగ్గఱ తడియు, తియ్యని వాసనయు తోచినచో పంకాది కాదు దోషము. హీటరులోని చిన్న రేడియేటరు కారుచున్నది. ఆలస్యము చేయరాదు.

మావారు కారును ఆ వేపనీడనుండి తీయనొల్లరు. ఆదివారము ఉదయమున వైపరుల మొదట ఆకులేఱుట ఇప్పుడు పిల్లల పని.