ఆకు మాడితే గొడ్డలి ఎత్తాలా?

ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో కొందరికి పెరట్లోని హార్స్ చెస్ట్‌నట్ చెట్టు కూడా ఇంటితోపాటే దక్కుతుంది. మే నెలలో తెల్లటి పూలగుత్తులతో నిండుగా ఉన్న చెట్టు ఆగస్టుకల్లా గోధుమరంగుకు తిరుగుతుంది, ఆకులు ముడుచుకుపోతాయి. ఇక సలహాలు మొదలు. ‘‘చీడ పట్టింది, బతకదు, ఇంటి మీద పడకముందే కొట్టించెయ్యండి’’ అంటారు కొందరు. కాస్త దయగలవాళ్లు మందు కొట్టించమంటారు. రెండూ తప్పుడు సలహాలే. మొదటిదైతే మరీ అన్యాయం.

మాడిన ఆకు ఒకటి తెంపి ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఈనెల మధ్య పాలిపోయిన మచ్చ, దాని లోపల నల్లటి రెట్ట, ఒక్కోసారి కదిలే చిన్న పురుగు కనిపిస్తాయి. ఇది ఆకు పైపొరకూ కిందిపొరకూ నడుమ దూరి పచ్చదనాన్ని తినే పురుగు. రెక్కలొస్తే అయిదు మిల్లీమీటర్ల చిమ్మట. 1980లలో మాసిడోనియాలోని ఓహ్రిడ్ సరస్సు దగ్గర కనిపించింది, 2002లో లండన్‌లోని వింబుల్డన్ చేరింది. ఈనెలను దాటి పాకి, పసుపు అంచుతో కనిపించే మచ్చలైతే అవి శిలీంధ్రం పని. మనవాళ్లు ఈ రెండింటినీ కలిపి ‘తెగులు’ అని ఒకే గాట కట్టేస్తారు.

పురుగు ఇంత తింటే చెట్టు ఎందుకు చావదు? ఏప్రిల్‌లో చిగురు, మేలో పూత. ఆ ఏటి ఎదుగుదలలో ఎక్కువభాగం అప్పటికే అయిపోతుంది. పురుగు దెబ్బ బాగా కనిపించేది జులై దాటాకే. గింజలు చిన్నవవుతాయి, అది నిజమే. కానీ మళ్లీ వసంతానికి చెట్టు మామూలుగానే చిగురేస్తుంది. దీన్ని చూసి చెట్టు కొట్టేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

మందు సంగతికొస్తే, పాతిక ముప్ఫై మీటర్ల చెట్టు కొస దాకా ఎలా కొడతారు? కొట్టినా పక్కింటి పెరట్లోకీ, తేనెటీగల మీదికీ పోతుంది. కాండానికి రంధ్రం వేసి మందు ఎక్కించడమంటే చేజేతులా గాయం చెయ్యడం. ఖర్చులేని పని ఒకటుంది: శరత్కాలంలో రాలిన ఆకులన్నీ ఊడ్చెయ్యడం. ఆ పురుగు ప్యూపాగా చలికాలమంతా గడిపేది ఆ ఆకుల్లోనే. పెరటి మూల కంపోస్టు కుప్ప ఆ ప్యూపాలు చచ్చేంత వేడెక్కదు కాబట్టి ఆకుల మీద మందంగా మట్టి కప్పాలి, లేదా కౌన్సిల్ వాళ్ల చెత్తబండికి ఇచ్చెయ్యాలి. పక్కింటివాళ్లు ఊడవకపోతే ఫలితం తగ్గుతుంది, ఆ మాటా ఒప్పుకోవాలి.

యూరప్ వృక్షాల ఎర్రజాబితాలో 2019లో ఈ చెట్టును ముప్పులో ఉన్నదిగా చేర్చారు కదా, ఇక ఎందుకు పట్టుకుని వేలాడటం అని ఇంకో వాదన. ఆ ముప్పు గ్రీసు, అల్బేనియా, బల్గేరియా కొండల్లో సహజంగా మిగిలిన కొద్దిపాటి చెట్లకు. అడవిలో తగ్గిపోతున్న చెట్టును పెరట్లోనూ నరకాలనడం ఎక్కడి తర్కం?

నిజంగా భయపడాల్సింది కాండాన్ని చూసి. బెరడు పగిలి తుప్పురంగులోనో నల్లగానో జిగట కారుతుంటే అది బాక్టీరియా పుండు. చుట్టూ పాకితే చెట్టు చచ్చిపోతుంది. ఈ బాక్టీరియాను మొదట 1969లో వేరుచేసింది మన దేశంలోనే, హిమాలయాల హార్స్ చెస్ట్‌నట్ ఆకు మచ్చల నుంచి. ఇంగ్లండ్‌లో చెట్లను కుదిపేసింది ఈ శతాబ్దం మొదట్లో. పుండు కనిపించినా నేరుగా రంపం తెచ్చుకోకుండా చెట్ల నిపుణుడికి చూపించాలి. కొన్ని చెట్లు వాటంతటవే కోలుకుంటాయి కూడా. పైగా కౌన్సిల్ రక్షణ ఉన్న చెట్టయితే అనుమతి లేకుండా కొట్టడం నేరం.

ఆగస్టులోనూ పచ్చగానే ఉండాలని పట్టుబట్టేవాళ్లకు ఆ హిమాలయ జాతే ఉంది. జూన్, జులైల్లో పూస్తుంది, చిమ్మట పురుగు దానిమీద సరిగా బతకలేదు. కాకపోతే దాన్ని పెరట్లో ఖాళీ ఉన్నచోట నాటండి, ఉన్న చెట్టును కొట్టి ఆ గుంతలో కాదు.