పలక కొఱకు పడిగాపులు

పాత ఫొటోలను ఇంటిలోనే బాగుచేసికొనుట యెట్లని సోదరీమణులు కొందఱు మమ్ముల నడిగిరి. చెప్పెదము. కాని ముందుగా మా యెదురుచూపు కథ కొంత వినవలెను.

మా అత్తగారియొద్ద వారి తల్లిగారి ఫొటో ఒక్కటే కలదు. అరచేతికంటె చిన్నది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదలలో లంకలోని పాతయిల్లు మునిగి, ట్రంకుపెట్టెలోని బట్టలతోపాటు అదియు నానినది. ఆరిన పిమ్మట మిగిలినది వెలవెలబోయిన ముఖము, ఒక చెవి కమ్మ, లెక్కలేనన్ని తెల్లని మచ్చలు.

దానిని బాగుచేయుటకే మేము ఫొటోషాప్ నేర్చుకొంటిమి. అందులో ముఖ్యమైనది పొరల పద్ధతి, లేయర్లందురు. బొమ్మపై పలుచని కాగితము పఱచి, ఆ కాగితముపైననే దిద్దినట్లు. దిద్దినది నచ్చనిచో కాగితము తీసివేయవచ్చును. అడుగు బొమ్మ చెక్కు చెదరదు. కావున సోదరీమణులారా, స్కాను చేసిన అడుగు బొమ్మను ఎన్నడును ముట్టకుడు. తక్కినవన్నియు చేయగ చేయగ వచ్చును.

కష్టము నేర్చుటలో లేదు, కూర్చుండు చోటులో నున్నది. మా యింటివారు బడిపంతులు. కంప్యూటరు ముందుగదిలో వారి మేజబల్లపై నుండును. ఉదయము ప్రశ్నపత్రములు, సాయంకాలము ట్యూషను పిల్లలు. మాకు దొరకునది రాత్రి పదిగంటలు దాటిన వేళ. అప్పటికి అత్తగారు నిద్రపోవుదురు. 2018 వేసవిలో వారు జాఱిపడి తుంటి యెముక విఱిగినది మొదలు మంచము దిగలేకపోయిరి. ఏది మచ్చయో, ఏది నగయో, ఏది కురులో తెలిసినవారు ఈ లోకమున వారొక్కరే. కాగితముపై అచ్చువేసి చూపినచో ముఖము చింతగింజంత యుండును. వారి కండ్లకు ఆనదు. బొమ్మ ఒకచోట, ఎఱిగిన మనిషి ఒకచోట.

ఆ యేడు అక్టోబరులో వార్త వచ్చినది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరమున జరిగిన సభలో అడోబీ సంస్థవారు ఫొటోషాపును ఐప్యాడుపై నడిపి చూపి, 2019లో విడుదల చేయుదుమని ప్రకటించిరి. అంతకుముందు 2012లో ఐప్యాడునకు ఫొటోషాప్ టచ్ అను చిన్న సాధనమొకటి వచ్చి, 2015లో తొలగింపబడినది. అది బొమ్మరింటి వంటవంటిది. ఇది అసలుదే యనిరి. ఆ సంస్థకు 2007లో అధిపతియైన శంతను నారాయణ్ హైదరాబాదులో పుట్టినవారని మా యింటివారు గుర్తుచేసి, "మన ప్రాంతమువారే కదా, ఒక జాబు వ్రాసి చూడరాదా" యని పరిహాసమాడిరి.

పట్టణములోని దుకాణదారుడు మాత్రము పరిహాసమాడలేదు. "వచ్చే నెలలోనే వచ్చునమ్మా, ముందు పలకను తీసికొనుడు" అనెను. పత్రికలలో 2019 అని స్పష్టముగా నుండగా వాని మాట నమ్ముట మా తెలివితక్కువ. చీటీ పాడిన సొమ్ము పోసి కొంటిమి. ఏడాది కాలము అది పిల్లవాని ఆటలకును, వంటింటిలో పాటలకును పనికివచ్చినది. అగస్త్యుడు తిరిగివచ్చునని తలవంచుకొని యున్న వింధ్యమునకు మాకంటె ఎక్కువ ఓర్పు ఉండునేమో గాని, ఎక్కువ నమ్మకము మాత్రము ఉండదు.

ఆలస్యమునకు కారణములు లేకపోలేదు. ఫొటోషాప్ 1990లో పుట్టినది. థామస్ నోల్, జాన్ నోల్ అను సోదరులు ఆరంభించిన ప్రోగ్రాము ముప్పది యేండ్లకు దగ్గఱగా పెరిగి మఱ్ఱిమానైనది. వందలకొలది ఆజ్ఞలు మౌసు కొఱకు అమర్చినవి. మౌసు సూదిమొన, వ్రేలు గరిట. సూదితో కుట్టిన దానిని గరిటతో కుట్టుమన్నచో కాలము పట్టదా? కాలము పట్టుట తప్పని మేమనము. అయితే పలకపై చిత్రములు దిద్దుట యనగా ప్రయాణములలో పనిచేయు చిత్రకారుల సౌకర్యమనియే పత్రికలన్నియు వ్రాసినవి. ఇంటి మేజబల్ల తనది కాని స్త్రీకి ఆ పలకయే బల్లయని ఎవరికిని తట్టినట్లు లేదు.

ఇంగ్లండు సంస్థయొకటి 2017లోనే అఫినిటీ ఫొటో అను సాధనమును ఐప్యాడునకు తెచ్చినది కదా, దానిని పట్టరాదా యని మీరడుగవచ్చును. పట్టవలసినదే. నేర్చిన చేయి మఱియొకటి పట్టదనెడి మొండితనము మాది.

తుదకు 2019 నవంబరు 4వ తేదీన వచ్చినది. నెలనెలకు అద్దె కట్టవలెను. 2013లోనే ఆ సంస్థ క్రొత్త సంచికలను ఒక్కమాఱు కొని దాచుకొను పద్ధతి మానివేసినది. ఆ వారములోనే ఒక మధ్యాహ్నము పలకను అత్తగారి ఒడిలో నుంచి, రెండు వ్రేళ్లతో ముఖమును పెద్దది చేసి చూపితిమి.

వారు చాలసేపు చూచిరి. "అమ్మాయీ! మా అమ్మ ముక్కుపుడక ఏదీ?" యనిరి.

మా గుండె జల్లుమన్నది. ముక్కు కుడిప్రక్కనున్న తెల్లని చుక్కను తడిమచ్చ యనుకొని, ఏడాది క్రిందటనే, ముందుగదిలో అర్ధరాత్రి తుడిచివేసియుంటిమి. తుడిచిన పొరను దాచితిమి. చుక్క మఱల వెలిగినది.

"ఇదిగో, ఇదే! పాలు త్రాగుచు దీనిని పట్టి లాగెడిదాననట" అని అత్తగారు అద్దముపై వ్రేలు పెట్టిరి. వ్రేలు తగులగనే బొమ్మ ప్రక్కకు జరిగిపోయినది. ఇద్దఱమును నవ్వితిమి.

ఆ మధ్యాహ్నము మఱి నాలుగు మచ్చలు మచ్చలు కావని తేలినది. ఒకటి చెవి మాటీ, రెండు జడలోని పూవులు, ఒకటి గడ్డముపై పుట్టుమచ్చ.

ముఖము మాత్రము పాలిపోయియే యున్నది. నీడలను చిక్కపఱచి వెలుగులను ముట్టకుండ వదలుటకు కర్వ్స్ అను ఉపాయము కలదు. కూర అంతటికిని గాక, చప్పగా నున్న ముక్కకు మాత్రమే ఉప్పు తగిలించినట్లు. అది ఆ మొదటి విడుదలలో లేదు. లేదని దేశదేశములవారు మొఱపెట్టిరి. ఒక్కసారిగ అన్నియు తేబూనినచో ఎన్నటికిని రాదని సంస్థవారు సమాధానము చెప్పిరి. అందులో నిజము లేకపోలేదు. మేము మరల రాత్రి పదిగంటలకు ముందుగదికి పోయితిమి. కర్వ్స్ పలకపైకి వచ్చినది 2020లో.

చీర అంచు రంగు మాత్రము తేలలేదు. అత్తగారు ఒకనాడు ఆకుపచ్చ యనిరి, మఱునాడు నేరేడు రంగనిరి. రెండింటికిని రెండు పొరలు వేసి యుంచితిమి.