దత్తత అను మాట

దత్తత యను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. సంతానము లేనివారు పరుల బిడ్డను తెచ్చి, తమ యింటిపేరు పెట్టి, తమ యాస్తికి వారసుని చేసికొనుట తరతరాల ఆచారము. ఇటీవలి కాలమున ఈ మాటను కుక్కలకు గూడ వాడుచున్నారు. శరణాలయములలోని కుక్కపిల్లలను దత్తత తీసికొనుడని పట్టణములలో ప్రకటనలు కనబడుచున్నవి. మాట మంచిదే. కాని మాటను అరువు తెచ్చుకొన్నవారు దాని అర్థమును గూడ తెచ్చుకొనవలయును. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము 15వ విభాగము ప్రకారము, చెల్లుబాటైన దత్తతను తీసికొన్నవారు రద్దు చేయజాలరు. బిడ్డ అల్లరివాడైనంత మాత్రమున దత్తత చెడదు. కుక్క విషయమున మాత్రము, చెప్పులు కొరుకుచున్నదనియు, వచ్చినవారి మీదికి దుముకుచున్నదనియు నెల తిరుగక మునుపే వెనుకకు అప్పగించువారు కలరు. చీకటి వేళ ఊరి పొలిమేరలో దింపి వచ్చువారును కలరు.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కలను గూర్చి ఇచ్చిన ఉత్తర్వులో, ఇష్టపడినవారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసి కుక్కను దత్తత తీసికొనవచ్చునని చెప్పినది. ఆ కుక్క మరల వీధికి రాకుండ చూచుకొను బాధ్యత తీసికొన్నవారిదే అనియు చెప్పినది. మొదటి మాట అందరికిని ఇంపుగా నుండును. రెండవ మాటయే బరువైనది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల పసివాడు వీధికుక్కల వాత బడి మరణించెను. అట్టి వార్త చదివిన తల్లికి కుక్కలపై జాలిని బోధింపబూనుట అవివేకము. ఆ తల్లి భయము న్యాయమైనది. ఆ భయమునకు సమాధానము బాధ్యతతో కూడిన పెంపకమే. గర్భనిరోధక శస్త్రచికిత్స చేయించి, ఏటేట రేబిస్ టీకా వేయించి, ఇంట కట్టుబాటులో పెంచిన కుక్క ఒక్కటైనను, వీధిలో ఆ మేరకు కుక్క తగ్గినట్లే. దానికి పుట్టబోవు పిల్లలును తగ్గినట్లే. విడిచిపెట్టబడిన కుక్క ఇందుకు విరుద్ధము. మనిషిని నమ్మి, మనిషిచే మోసపోయి, ఆకలితో తిరుగు కుక్క వీధికి మరింత ప్రమాదము.

ఉపాధ్యాయులు బోధించు భారతములోనే ఈ రెండు మార్గములును ఉన్నవి. ఆదిపర్వమున, జనమేజయుని యజ్ఞభూమిలో ఆడుకొనుచున్న సారమేయుడను కుక్కపిల్లను రాజు తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. తల్లి సరమ నిండుసభలో రాజును నిలదీసి, ఊహింపని భయము కలుగునని హెచ్చరించిపోయినది. నన్నయ చేతిలో ఆ మాటలు పద్యమై విద్యార్థుల నోట నిలిచినవి. మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు, వెంట వచ్చిన కుక్కను విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పినను అంగీకరింపలేదు. ఆ పర్వమును తెనిగించిన తిక్కన, గుంటూరు నేలిన మంత్రి భాస్కరుని మనుమడు. కుక్క రూపమున వచ్చినవాడు యమధర్మరాజని తరువాత తెలిసినది. స్వర్గమును కాదన్న క్షణమున ధర్మరాజునకు ఆ సంగతి తెలియదు. తెలిసినదెల్ల, అది తన్ను నమ్మి అంత దూరము వచ్చినదని మాత్రమే. దాని జాతి యేమని అతడు అడుగనే లేదు.

నేడు మొదట అడుగు ప్రశ్న అదియే. శరణాలయములోని కుక్క కలగలుపు జాతిదని పెదవి విరిచి, మంచుదేశముల బండ్లు లాగుటకు పుట్టిన హస్కీని వేలు పోసి కొని, రెంటచింతల యెండలకు పేరు పడిన ఈ నేలపై పెంచబూనుచున్నారు. ఒంగోలు గిత్తను కన్నవారికి స్వచ్ఛమైన జాతిపై మక్కువ సహజమే. కాని ఆ ఒంగోలు రక్తమునే ఇతర భారతీయ జాతులతో కలిపి అమెరికావారు బ్రాహ్మన్ పశువులను రూపొందించిరి. 1970లో సూరతులో సి.టి. పటేల్ సంకర ప్రత్తిని విడుదల చేసిన నాటినుండి ప్రత్తి సేద్యము తీరే మారినది. నేడు గుంటూరు, ప్రకాశము రేగళ్లలో ఎక్కువగా పండునది సంకర ప్రత్తియే. చేలో సంకరమును మెచ్చు రైతు, వాకిట సంకరమును చిన్నచూపు చూచుట వింత. మిరపకాయలు ఎండబోసిన కల్లములయొద్ద రాత్రులు కావలి కాచునది నాటుకుక్కయే గదా!

అయితే ఒక సత్యమును దాచరాదు. ఆరు నెలలు నిండి, రెండేండ్లు నిండని కుక్క ఉడుకు నెత్తురు గలది. రోజంతయు బోనులో నుండి మనిషిని చూడగానే మీదికెగురును. అది దుష్టత్వము గాదు, ఖర్చు గాని సత్తువ. దానిని రోజంతయు గొలుసుతో స్తంభమునకు కట్టినచో మొరుగుట, కొరుకుట, త్రవ్వుట అను మూడు విద్యలను తనంతట నేర్చుకొనును. దానికి రెండు పూటల నడక, పరుగు కావలయును. వేసవిలో తారు రోడ్డు పాదములను కాల్చును గనుక, సూర్యోదయమునకు ముందు, ప్రొద్దు గ్రుంకిన తరువాత త్రిప్పవలయును. పురుగుమందు కొట్టిన ప్రత్తి, మిరప చేలలోనికి వదలరాదు. కాళ్లకంటిన మందును అది నాకును. గుంటూరు కారము, ఉల్లిపాయ చేరిన కూడు పెట్టరాదు. ఉల్లి కుక్కకు విషతుల్యము. కూర్చో, ఆగు, రా అను మాటలను పూటకు కొద్ది నిమిషములు, మెప్పుతో నేర్పవలయును. కొట్టి నేర్పినచో అది భయము నేర్చును. భయపడిన కుక్కయే కరచును. తరగతి గదిలో బెత్తము పారవేసిన ఉపాధ్యాయునకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

మనుష్యులకే దిక్కులేని దేశమున కుక్కలకింత యేల అని ఒక ఆక్షేపణ కలదు. ప్రత్తి ధర పడిపోయి అప్పులలో మునిగిన రైతులు గల ప్రాంతమున ఆ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. కుక్కను తెచ్చుట ఎవరికిని విధి కాదు. తీరిక లేనివారు, ఇంటిల్లిపాదికి సమ్మతి కానివారు, రేపు ఏ యూరికి పోవుదురో తెలియనివారు తేకుండుటయే దయ. తెచ్చిన పిమ్మట మాత్రము పది, పన్నెండేండ్ల కాలము దానికి మాట ఇచ్చినట్లే. కుక్కలలో పసితనము ఏడాది రెండేండ్లలో గడచిపోవును. ఆ కొంత కాలము ఓర్చుకొన్న యింటికి తక్కిన యేండ్లు తోడు దొరకును.

కనుక కుక్కపిల్ల కావలెనని మారాము చేయు విద్యార్థికి ఉపాధ్యాయుడు ఒక పరీక్ష పెట్టవచ్చును. కుక్క రాకమునుపే నెల దినములు, తెల్లవారుజామున అయిదు గంటలకు లేచి అరగంట నడచి రమ్మనవలయును. నెల నిండిన తరువాతను ఆ కోరిక నిలిచియుండినచో, తండ్రి వానిని సంశయింపక శరణాలయమునకు తీసికొనిపోవచ్చును.