చెప్పడం ప్రజల విధి, చూపడం సర్కారు దయా?

తలుపు తట్టిన ఎన్యూమరేటరుకు తెలిసినంతలో నిజం చెప్పడం పౌరుడి విధి. 1948 నాటి జనగణన చట్టం ఆ మాట ఖరాఖండీగా చెబుతోంది. కాదంటే వెయ్యి రూపాయల దాకా జరిమానా. భర్త పేరు పలకని ఆచారం ఉన్న ఇల్లాలికి ఆ పేరు చెప్పకుండా ఉండే వెసులుబాటు కూడా అందులో రాసి ఉంది. ఇంత సూక్ష్మం చూసిన చట్టం అసలు సంగతి వదిలేసింది. ప్రభుత్వం ఎప్పుడు లెక్కించాలో, తేలినదాన్ని ఎన్నాళ్లలో బయటపెట్టాలో చెప్పలేదు. పదేళ్లకోసారి అన్నది ఆనవాయితీ మాత్రమే.

2021 జనగణన ఆ సందులోంచే జారిపోయింది. 1881 నుంచి వరుసగా సాగిన లెక్క రెండో ప్రపంచ యుద్ధం నడుమ, 1941లోనూ ఆగలేదు. కోవిడ్ కారణం తొలి రెండేళ్లకు చెల్లుతుంది, ఆపైన కాదు. నేపాల్ 2021లో, బంగ్లాదేశ్ 2022లో, పాకిస్థాన్ 2023లో ఆ పని ముగించాయి. ఇక్కడ ఎన్నికలకు దొరికిన సిబ్బంది జనగణనకు దొరకలేదు. ఇప్పుడు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. లెక్కకూ లెక్కకూ మధ్య పదహారేళ్లు.

ఈ ఆలస్యం ఖరీదు రేషన్ దుకాణం దగ్గర తెలుస్తుంది. ఆహార భద్రత చట్టం దేశంలో దాదాపు మూడింట రెండొంతుల మందికి హక్కు ఇచ్చింది. ఆ సంఖ్య మాత్రం 2011 జనాభా మీద, 81.35 కోట్ల దగ్గర నిలిచిపోయింది. 2020 నాటికే పది కోట్ల మందికి పైగా బయట మిగిలారని ఆర్థికవేత్తలు జాన్ డ్రెజ్, రీతికా ఖేరా అంచనా వేశారు.

లెక్కించి దాచడం ఇంకో రోగం. 2017-18 వినియోగ వ్యయ సర్వేను నాణ్యత లేదంటూ 2019లో కేంద్రం పక్కన పెట్టింది. 2011 సామాజిక, ఆర్థిక సర్వేలో సేకరించిన కుల వివరాలకూ అదే గతి; 46 లక్షల పేర్లు వచ్చాయని, అంతా తప్పులతడకని 2021లో సుప్రీంకోర్టుకు చెప్పింది. తప్పుడు అంకెలు జనాన్ని దారి తప్పిస్తాయన్న వాదనలో కొంత నిజముంది. అయితే లోపాలను వివరిస్తూ ప్రచురిస్తే నిపుణులు తూకం వేస్తారు. బీరువాలో పెడితే అనుమానమే మిగులుతుంది.

తెలంగాణ అనుభవం అదే. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే కోసం రాష్ట్రమంతా సెలవు. ముంబయి, భివండిల నుంచి వలస కుటుంబాలు ఛార్జీలు పెట్టుకుని సొంతూళ్లకు వచ్చి వివరాలిచ్చాయి. పూర్తి నివేదిక మాత్రం ఏళ్ల తరబడి వారి ముందుకు రాలేదు. 2024 నవంబరులో మొదలైన కులగణన ముస్లింలు కాని బీసీల వాటా 46.25 శాతమని తేల్చగానే, పాత సర్వే కన్నా తగ్గిందెందుకన్న గొడవ రేగింది. పక్కపక్కన పెట్టి చూద్దామంటే గ్రామాలవారీ పాత లెక్క ఎవరి చేతిలోనూ లేదు.

వ్యక్తుల వివరాలు గోప్యంగానే ఉండాలి. జనగణన పత్రాలను ఇతర కేసుల్లో సాక్ష్యంగా వాడకుండా చట్టంలోని 15వ సెక్షన్ కాపాడుతోంది. జనగణన చట్టం పరిధిలోకి రాని రాష్ట్రాల సర్వేలకూ అలాంటి కవచం కావాలి. గోప్యత మనిషి పేరుకే గాని మొత్తం అంకెకు కాదు.

ఈసారి ఎన్యూమరేటర్లు వివరాలను ఫోన్లలోనే నింపుతారు, కులం కూడా అడుగుతారు. కాగితాల కట్టలు విప్పడానికి ఏళ్లు పట్టిందనే సాకు ఇక పనికిరాదు. పార్లమెంటు జనగణన చట్టంలోని 3వ సెక్షన్‌ను సవరించి పదేళ్ల గడువును తప్పనిసరి చేయాలి. లెక్కింపు ముగిసిన ఏడాదిలోగా ప్రధాన పట్టికలు, రెండేళ్లలోగా కుల వివరాలతో సహా గ్రామ, వార్డు స్థాయి అంకెలు విడుదల కావాలని అందులోనే రాయాలి. గడువు దాటితే కారణాన్ని సభ ముందు ఉంచాలి.