బిందె మోస్తే సాయం, గొట్టం పడితే ఉద్యోగం

మా పి.గన్నవరంలో తాటాకిల్లు అంటుకుంటే, ఫైరింజను వచ్చేలోగా కాలువ నుంచి బిందెలతో నీళ్లందించేది ఆడవాళ్లే. దాన్ని ఎవరూ అర్హతగా లెక్కకట్టరు.

1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ 65 రోజులు మండింది. 2014లో నగరంలో గ్యాస్ పైపులైను పేలింది. నిప్పు పక్కనే బతుకుతున్న మన ఆడపిల్లలకు, దాన్ని ఆర్పే ఉద్యోగం ఉందని చెప్పేవారేరీ?

2002లో నాగపూర్ జాతీయ అగ్నిమాపక కళాశాలలో చేరిన తొలి మహిళ హర్షిణీ కన్హేకర్. చదువయ్యాక ఆమె చేరింది ఓఎన్‌జీసీలో, అంటే పాశర్లపూడి బావి తవ్విన సంస్థలోనే.

అడ్డు ఒంటిబలం కాదు, 'ఫైర్‌మన్' అన్న పేరులోనే ఉన్న నమ్మకం. గొట్టం మోయించండి, నిచ్చెన ఎక్కించండి. కానీ మగపిల్లలకిచ్చే శిక్షణ మా పిల్లలకూ ఇచ్చాకే పరీక్ష పెట్టండి. బిందెలు మోసిన చేతులకు జీతం, యూనిఫారం అడుగుదాం.