పన్ను ఒక్కటైతే చాలా? న్యాయం అక్కర్లేదా?

"మేం కట్టే పన్నులతోనే మీకు రేషన్ బియ్యం, మీ పిల్లలకు స్కాలర్‌షిప్పులు" అని మనల్ని ఎద్దేవా చేసేవాళ్లు ఊరూరా ఉన్నారు. పన్నులు ఎవరు కడుతున్నారో లెక్క తేల్చుకుందాం రండి.

'ఒకే దేశం, ఒకే పన్ను' అంటూ 2017 జూలై 1న జీఎస్టీ తెచ్చారు. పేరుకే ఒక్కటి. రేట్లు 5, 12, 18, 28గా పెట్టారు. బంగారానికి మాత్రం 3 శాతం, సానబట్టని వజ్రానికి పావు శాతం! ఒంటి సబ్బుకు 18. వెయ్యి లోపు చెప్పులకు 5 ఉన్నదాన్ని 2022 జనవరిలో 12 చేశారు. అంటే మెడలో గొలుసు కంటే కాలికి చెప్పు మీద నాలుగింతల రేటు! 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, చెప్పులు 5కి దిగాయి. మంచిదే. అయినా ఇప్పటికీ గొలుసు కంటే చెప్పుకే ఎక్కువ.

నూజివీడు మామిడి తోటల్లో చూడండి. మన వాడల నుంచి వెళ్లిన ఆడా మగా రసాలు, బంగినపల్లి కోసి, గంపలు మోసి కూలి తెచ్చుకుంటారు. ఆ కూలితో సబ్బు కొన్నా, నూనె ప్యాకెట్టు కొన్నా పన్ను కట్టాల్సిందే. తోట ఆసామికి కాయ మీద లక్షలొచ్చినా ఆదాయపు పన్ను లేదు. అది వ్యవసాయ ఆదాయమట! ఎకరం చెక్క ఉన్న చిన్న రైతును ముందు నిలబెట్టి పెద్ద ఆసామి వెనక దాక్కుంటున్నాడు.

ఈ మినహాయింపు 1886లో తెల్లదొరల చట్టం ఇచ్చింది. 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. మినహాయింపు పోలేదు.

1927లో బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ ఈ అన్యాయాన్నే నిలదీశారు. రాబడి లేనివాడికి ఆదాయపు పన్ను ఉండదు గదా, మరి ఎకరం రైతు జాగీర్దారుతో సమాన రేటున శిస్తు ఎందుకు కట్టాలన్నారు. అప్పుడు శిస్తు చేసిన పనే ఇప్పుడు సరుకుల పన్ను చేస్తోంది.

మేం అడిగేది సూటిగా ఉంది. తోట నుంచి వచ్చినా, ఫ్యాక్టరీ నుంచి వచ్చినా, జీతంగా వచ్చినా ఆదాయానికి ఒకే కొలత పెట్టండి. పరిమితి దాటితే పన్ను, ఎక్కువ వచ్చినవాడికి ఎక్కువ పన్ను. పరిమితి లోపు ఉన్న చిన్న రైతు జోలికి పోవద్దు. పేదోడు రోజూ కొనే సరుకుల మీద పన్ను ఎత్తేయండి. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకే ఇచ్చింది. ఢిల్లీని చూపించి తప్పించుకోవడం కుదరదు.

ఓట్లకొచ్చే ప్రతి నాయకుణ్ణీ వాడలో నిలబెట్టి అడగండి. మనం బిచ్చగాళ్లం కాం. ఈ దేశానికి పన్ను కడుతున్నవాళ్లం!